దూరాన ఉన్న స్నేహితుల పిల్లల పేరున పూలమొక్కలు: విశాఖ మేడ మీద ఏవి నిలుస్తాయి?

#1 ఎంవీపీ_మేడమీద
ఎంవీపీ కాలనీలో మూడంతస్తుల మేడ, సముద్రం కిలోమీటరున్నర. కాలేజీ నాటి స్నేహితులు నలుగురు ఇప్పుడు న్యూజెర్సీ, డాలస్, మెల్‌బోర్న్, సింగపూర్‌లలో ఉన్నారు. అందరికీ కలిపి ఏడుగురు పిల్లలు, అందులో ఒక జంట కవలలు. ఒక్కో బిడ్డ పేరున ఒక్కో పూలమొక్క పెంచాలని ఉంది. పిల్లల పేర్లు ఇక్కడ రాయను. నర్సరీకి వెళ్తే గులాబీ, చేమంతి, జెర్బెరా చేతిలో పెడుతున్నారు. అవి మే నెల దాటడం లేదు. పేరు పెట్టిన మొక్క ఎండిపోయాక ఆ బిడ్డ ఫొటో అడిగితే ఏం పంపాలి?

పేరుకి తగ్గ మొక్క ఎలా ఎంచుకోవాలి, పదేళ్ళైనా ఎలా నిలబెట్టాలి, పుట్టినరోజుకి పూయించే దారి ఉందా, ఇక్కడి విత్తనాలు వాళ్ళకి పంపొచ్చా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

#2 ఉప్పుగాలి
పేరు సంగతి తర్వాత. ముందు గాలి చూడండి. సాయంత్రం సముద్రం వైపు పిట్టగోడ మీద వేలు రాసి నాలుకకి తగిలించండి. ఉప్పగా ఉంటే ఆ వైపు గులాబీ, చేమంతి, జెర్బెరా పెట్టడం వృథా. ఆకు అంచు సముద్రం వైపు మాత్రమే మాడితే అది ఉప్పు. మొక్క చుట్టూ అన్ని ఆకుల అంచులూ మాడితే నీరు చాలకో, ఎరువు ఎక్కువయ్యో.

గాలికి ఎదురు నిలిచేవి: బోగన్‌విల్లా, దేవగన్నేరు, నూరు వరహాలు, బిళ్ళగన్నేరు, ఎడారి గులాబి. మల్లె, జాజి, మందారం మెట్లగది వెనకనో, నీళ్ళ ట్యాంకు చాటునో బాగుంటాయి. గాలి గట్టిగా వీచిన మర్నాడు పొద్దున్నే ఆకుల మీద మంచినీళ్ళు జల్లి కడిగేయండి. ఈ ఒక్క పనితోనే సగం మొక్కలు బతుకుతాయి.

#3 కొమ్మగుచ్చు
మే దాటకపోవడానికి ఇంకో కారణం, ఉప్పుకంటే పెద్దది. కడియం వైపు నుంచి వచ్చే మొక్కల వేళ్ళ చుట్టూ జిగట మట్టిముద్ద ఉంటుంది. దాన్ని అలాగే తెచ్చి గుల్లగా ఉన్న మట్టిలో దింపితే, పోసిన నీరంతా గుల్లమట్టిలోంచి జారిపోతుంది. ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. పైన తడి కనిపిస్తుంది, వేరు మాత్రం దాహంతో ఎండుతుంది.

కవరు తీసేముందు ముద్ద మొత్తాన్ని బకెట్ నీళ్ళలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచండి. బయటి మట్టిని వేళ్ళు తెగకుండా ఒక అంగుళం మేర వదులు చేసి, అప్పుడు నాటండి. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు. తొలకరి పడ్డాక జూన్ చివర, లేదా వానలు తగ్గాక నవంబరులో.

ఏడుగురు పిల్లలకి ఏడు కుండీలు అనుకుంటున్నట్టున్నారు. పద్నాలుగు కావాలి. ఎందుకో తర్వాత రాస్తాను.

#4 మధురవాడ_మొగ్గ
ఎనిమిదో బిడ్డకి కూడా కాస్త చోటు ఉంచండి, స్నేహితులు ఇంకా చిన్నవాళ్ళేగా :)

#5 నిఘంటువు_నీడ
పేర్ల దగ్గరికి వద్దాం. మన పేర్లలో సగం పూలే, కానీ ఏ పేరు ఏ పువ్వో జనం తికమక పడతారు.

శేఫాలిక అంటే పారిజాతం. వకుళ అంటే పొగడ. జప అంటే మందారం. అపరాజిత అంటే శంఖపుష్పం. కేతకి మొగలి, శిరీష దిరిసెన. కుంద అంటే మొల్ల. పద్మ, నళిని, సరోజ, పంకజ, కమల, అన్నీ తామరే. మగపిల్లల్లో అరవింద్, రాజీవ్, పుష్కర్ కూడా తామరే, చాలామందికి తెలీదు. ఆదిత్య, భాస్కర్, రవి లాంటి పేరైతే పొద్దుతిరుగుడు. చంద్ర ఉన్న పేరైతే చంద్రకాంత, సాయంత్రం విచ్చుకుంటుంది. విష్ణు ఉంటే విష్ణుక్రాంత, నేలబారు మొక్క, నీలం పూలు.

ఇందులో మేడ మీద పనికిరానివి: దిరిసెన పెద్ద చెట్టు. మొగలి ముళ్ళు, చోటు చాలదు. మాధవి పేరుకి మాధవీలత సరైనదే కానీ చెట్టెక్కే పెద్ద తీగ, నేలలో పెట్టాలి.

#6 మధురవాడ_మొగ్గ
మాధవీలత అంటే గుత్తులుగా తెల్లగా పూసి ఎర్రబడేదే కదా? కుండీలోనే వస్తుంది.

#7 నిఘంటువు_నీడ
అది రాధామనోహరం. సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ, ఆపై ఎరుపు. మాధవీలత వేరు. దాని పువ్వు తెలుపు, ఒక రేకు మీద పసుపు మచ్చ, రేకుల అంచులు కుచ్చులా ఉంటాయి. కాయకి మూడు రెక్కలు. నర్సరీల్లో రెండింటినీ ఒకే పేరుతో ఇస్తున్నారు. కొనేటప్పుడు పువ్వు చూసి కొనండి.

ఇలాంటిదే మాలతి. అమరకోశంలో సుమన, మాలతి, జాతి ఒకే పువ్వు పేర్లు, అంటే మన జాజి. సుమన, మాలతి ఏ పేరున్న పాపకైనా జాజి పెట్టొచ్చు. పందిరి అక్కర్లేదు, ఐదడుగుల కర్రలు మూడు పాతి గోపురంలా కట్టినా చాలు.

#8 విత్తుమూట
పూల పేరు లేని పిల్లల సంగతో? ఇప్పటి పేర్లు సగం అలాంటివే. వాళ్ళకి పుట్టిన నెల చూడండి. విశాఖలో ఆ నెల సహజంగా ఏది పూస్తుందో అదే ఆ బిడ్డ పువ్వు.

ఏప్రిల్‌కి మల్లె. మే నెలకి ఫుట్‌బాల్ లిల్లీ, ఎర్ర బంతిలా ఏడాదికి ఒక్కసారే పూస్తుంది, గడ్డ నేలలో ఏళ్ళ తరబడి ఉంటుంది. జూన్‌కి రెయిన్ లిల్లీ. ఆగస్టుకి బ్రహ్మకమలం అని మనం పిలిచే రాత్రిపువ్వు. సెప్టెంబరు, అక్టోబరుకి పారిజాతం. నవంబరుకి ముద్దబంతి. డిసెంబరుకి పేరులోనే ఉంది, డిసెంబరాలు. జనవరికి చేమంతి. ఫిబ్రవరి, మార్చికి బోగన్‌విల్లా.

నా మాట అడిగితే పది, పదిహేనేళ్ళ మొక్క కోసం ఆరాటపడక్కర్లేదు. ఏటా విత్తే మొక్కే మంచిది. బిడ్డ పుట్టినరోజుకి కొత్తగా విత్తి, పూశాక విత్తనం పట్టి, మళ్ళీ ఏడాదికి దాచడం. ఏటా ఆ బిడ్డని తలుచుకుని చేసే పని అది. మొక్క చచ్చిపోతుందన్న బెంగే ఉండదు.

#9 కొమ్మగుచ్చు
విత్తుమూట గారూ, మీ లెక్కలో ఒక చిక్కుంది. కొట్లో దొరికే బంతి, జినియా ప్యాకెట్లలో చాలావరకు సంకర విత్తనాలు. వాటి గింజ పట్టి విత్తితే రెండో ఏడు తల్లి పువ్వు రాదు, ముద్ద పువ్వు రేక పువ్వై, రంగు మారి వస్తుంది. అదే పువ్వు అని బిడ్డకి చెప్పలేం. ఏటా గింజ దాచాలంటే నాటు బంతి, శంఖపుష్పం, చంద్రకాంత పట్టుకోండి. శంఖపుష్పంలో నీలం, తెలుపు పక్కపక్కన ఉంటే తేనెటీగలు కలిపేసే వీలుంది, ఒక్క రంగే ఉంచుకోండి.

కొమ్మ నుంచి పెంచినదైతే అచ్చంగా అదే మొక్క. తల్లి కుండీ పోయినా మొక్క పోయినట్టు కాదు. పద్నాలుగు కుండీలు అన్నది అందుకే. ప్రతి పేరుకీ రెండు, ఒకటి ఎండలో, ఒకటి చాటున. రెండూ ఒకే వరసలో పెడితే ఒకే పురుగు రెండింటినీ తింటుంది. వీలైతే రెండోది వేరే వీధిలో ఎవరింట్లోనైనా ఉంచండి.

మందారం: జూలై, ఆగస్టుల్లో పెన్సిల్ లావు కొమ్మ ఆరంగుళాలు, కణుపు కింద ఏటవాలుగా కోసి, పై రెండాకులు సగం కత్తిరించి మిగతావి తీసేసి, తడి ఇసుక, కొబ్బరిపొట్టు సగం సగంలో రెండు కణుపులు మునిగేలా గుచ్చండి. నాలుగైదు వారాల్లో వేరు. లాగి చూడొద్దు, కొత్తాకు విచ్చితే చాలు.
మల్లె, జాజి: నేల అంటు తేలిక. నేలకి వంగే కొమ్మని ఒక కణుపు దగ్గర కింది వైపు కాస్త గీరి, పక్క కుండీ మట్టిలో వంచి రాయి పెట్టండి. రెండు నెలలకి కోయండి.
డిసెంబరాలు: కొమ్మ గుచ్చితే వస్తుంది, ఇంకేం అక్కర్లేదు.
బ్రహ్మకమలం: ముదురు ఆకు ముక్క రెండు రోజులు నీడలో ఆరబెట్టి గుచ్చాలి. పచ్చిగా గుచ్చితే కుళ్ళుతుంది. పూతకి రెండు మూడేళ్ళు ఓపిక పట్టాలి.

#10 విత్తుమూట
సంకర విత్తనాల మాట ఒప్పుకుంటాను. అయినా ఏటా విత్తే ఆనందం కొమ్మకి రాదు.

#11 ఉప్పుగాలి
రెండూ పెట్టుకోవచ్చు కదా, కొట్లాట ఎందుకు. పేరుకి ఒక శాశ్వత మొక్క, దాని మొదట్లో పుట్టినరోజుకి విత్తే చిన్న పూలు.

#12 పెందుర్తి_ఎర్రమట్టి
అందరూ పద్నాలుగు, ఇరవై అంటున్నారు, స్లాబు మాట ఎవరూ ఎత్తడం లేదు. జనం తిరిగే మేడ పైకప్పుకి మన దేశపు కట్టడాల ప్రమాణం ప్రకారం లెక్కించే అదనపు భారం చదరపు మీటరుకి 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. మనుషులు, నీళ్ళు, కుండీలు అన్నీ అందులోనే. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు కుండీ అచ్చం ఎర్రమట్టితో నింపి తడిపితే పాతిక కిలోలు దాటుతుంది. కాబట్టి కుండీలన్నీ స్లాబు నడిమధ్య గుంపుగా పెట్టకండి. కింద గోడ గానీ దూలం గానీ ఉన్న చోట, పిట్టగోడ వెంబడి వరసగా. ప్రతి కుండీ కింద మూడు ఇటుక ముక్కలు, నీరు కారి ఆరేలా.

మట్టి: ఎర్రమట్టి నాలుగు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు మూడు, కొబ్బరిపొట్టు మూడు, కుండీకి ఒక గుప్పెడు వేపపిండి. కొబ్బరిపొట్టులో ఉప్పుంటుంది. ఇటుకలా అమ్మే ఆ పొట్టుని బకెట్లో నానబెట్టి, నీళ్ళు పిండి పారబోసి, ఇలా మూడుసార్లు కడగండి. గాలిలో ఉప్పు, బోరు నీళ్ళలో ఉప్పు, పొట్టులో కూడా ఉప్పైతే మొక్క ఎటు పోతుంది?

రెండేళ్ళకోసారి మొక్కని బయటికి తీసి, చుట్టుకున్న వేళ్ళు మూడోవంతు కోసి, కొత్త మట్టితో తిరిగి నాటండి. పదేళ్ళు నిలవాలంటే ఇది తప్పదు. ఐదో ఏట పూత ఆగిపోయిందని అడిగేవాళ్ళ కుండీల్లో చాలావరకు వేళ్ళే తప్ప మట్టి ఉండదు.

#13 ఎంవీపీ_మేడమీద
స్లాబు సంగతి అసలు ఆలోచించలేదు, ధన్యవాదాలు. తామర పేరు ఒకరికి ఉంది. తొట్టి బరువు ఎంత ఉంటుంది? పుట్టినరోజుల పూత గురించి కూడా చెప్పండి.

#14 పెందుర్తి_ఎర్రమట్టి
తామరకి అడుగున్నర వెడల్పు, చిల్లు లేని తొట్టి. నిండితే యాభై కిలోల దాకా వస్తుంది, తప్పనిసరిగా దూలం మీదే. అడుగున ఐదంగుళాలు చెరువు బంకమట్టి. కొబ్బరిపొట్టు వద్దు, పైకి తేలి నీళ్ళు పాడుచేస్తుంది. దుంపని అడ్డంగా పడుకోబెట్టి, మొలక కొన పైకి ఉండేలా మట్టి కప్పి, మీద నాలుగంగుళాల నీరు. ఆరు గంటల ఎండ లేకపోతే ఆకులే తప్ప పువ్వు రాదు. దోమలకి నాలుగు గప్పీ చేపలు. గింజ నుంచి పెంచాలంటే పెంకుని గరుకు కాగితం మీద లోపలి తెలుపు కనిపించేదాకా అరగదీసి నీళ్ళలో వేయండి, వారంలో మొలుస్తుంది. కానీ గింజ మొక్క ఏ రంగు పూస్తుందో, ఎప్పుడు పూస్తుందో చెప్పలేం. పేరు పెట్టాలంటే చిన్న తొట్టి రకం దుంపే కొనండి.

#15 చేమంతి_చలి
పుట్టినరోజు లెక్కలు. పువ్వు తేదీ అడగొద్దు, వారం అడగండి.

గులాబీ: కత్తిరించిన 40 నుంచి 50 రోజులకి పూత. చలికాలంలో కాస్త ఎక్కువ, వేసవిలో తక్కువ. పుట్టినరోజు డిసెంబరు 20 అయితే నవంబరు మొదటి వారంలో కత్తెర వేయండి. అన్ని కొమ్మలూ ఒకేరోజు కాకుండా, సగం ఆ రోజు, మిగతా సగం వారం తర్వాత. ఏదో ఒకటి అందుతుంది.
జినియా: విత్తిన రెండు నెలలకి.
బంతి: నారు 25 రోజులు, నాటాక 50 నుంచి 60 రోజులు. మొత్తం రెండున్నర, మూడు నెలలు ముందు విత్తాలి.
లిల్లీ గడ్డలు, అదే నేల సంపెంగ: నాటిన మూడు నెలలకి.
రెయిన్ లిల్లీ: మూడు వారాలు నీళ్ళు మానేసి, ఒకేసారి కుండీ మునిగేలా తడిపితే వారం అటూ ఇటూగా మొగ్గ.
బోగన్‌విల్లా: ఆకులు వాడే దాకా నీళ్ళు తగ్గించి, కొమ్మల చివళ్ళు తుంచి, తిరిగి నీరిస్తే నెల, నెలన్నరలో రంగు. వానాకాలంలో ఈ చిట్కా పనిచేయదు, మీరు ఆపినా ఆకాశం పోస్తుంది.
మల్లె: నవంబరు నుంచి నీరు తగ్గించి, జనవరిలో ఆకు దూసి, కొమ్మల్ని మూడోవంతు కత్తిరించి, ఎరువు వేసి నీళ్ళు పెడితే మార్చిలో మొదలు. అక్టోబరులో పుట్టిన బిడ్డకి మల్లె పూయించాలని చూడకండి, మొక్కని హింస పెట్టినట్టు.

చేమంతికి రాత్రి పొడవే ముహూర్తం. రాత్రులు సాగడం మొదలయ్యాక మొగ్గ తొడుగుతుంది, అక్కడి నుంచి పూతకి ఎనిమిది, పది వారాలు. జూన్, జూలైలో పిలకలు నాటి, నాలుగు వారాలకి ఒకసారి, ఆగస్టు చివరికి ఆఖరుసారి చివళ్ళు తుంచండి. సెప్టెంబరు దాటాక తుంచితే మొగ్గే తెంపినట్టు.

#16 మధురవాడ_మొగ్గ
మా వీధిలో ఒకే పిలక నుంచి రెండిళ్ళలో పెట్టిన చేమంతి ఒక ఇంట్లో డిసెంబరులో పూసింది, ఇంకో ఇంట్లో సంక్రాంతి దాటినా ఆకులే. మట్టి తేడానా?

#17 చేమంతి_చలి
ఆ రెండో ఇంటి ముందు వీధి దీపం ఉందా చూడండి. రాత్రంతా వెలుగు పడితే చేమంతికి రాత్రి అయినట్టే తెలీదు, ఆకులే వేస్తూ పోతుంది. మేడ మీద రాత్రంతా బల్బు వెలిగే ఇళ్ళలోనూ ఇదే. కుండీ జరపండి. జరపలేకపోతే సెప్టెంబరు నుంచి మొగ్గ కనపడేదాకా సాయంత్రం ఐదుకి నల్లగుడ్డ కప్పి పొద్దున ఏడుకి తీయండి. ఒక్క రోజు కూడా మానకూడదు.

#18 మధురవాడ_మొగ్గ
దీపం సరిగ్గా కుండీ మీదే ఉంది! ఇన్నాళ్ళూ ఎరువు వేస్తూ కూర్చున్నారు పాపం.

#19 ఓడరేవు_చీటీ
విత్తనాలు పంపే మాట. కవర్లో పెట్టి పోస్టు చేయకండి, సెలవులకి వచ్చినవాళ్ళ సూట్‌కేసులో దాచి పెట్టనూ వద్దు. అమెరికాకి ఏ విత్తనమైనా మన ప్రభుత్వ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రంతో వెళ్ళాలి. లేదా అక్కడున్న మీ స్నేహితుడు అమెరికా వ్యవసాయ శాఖ నుంచి ‘చిన్న మొత్తాల విత్తనాల’ అనుమతి ముందే తీసుకోవాలి. ఆ అనుమతితో అయితే ఒక్కో ప్యాకెట్లో ఒకే రకం, 50 గింజలకి గానీ 10 గ్రాములకి గానీ మించకుండా, పురుగు, మట్టి, పొట్టు లేకుండా, ప్యాకెట్ మీద మొక్క శాస్త్రీయ నామం రాసి ఉండాలి. అనుమతి లేని రకాలూ ఉంటాయి, ముందే చూసుకోవాలి. ఆస్ట్రేలియా ఇంకా గట్టిది. చెప్పకుండా పట్టుకెళ్తే జరిమానా పడొచ్చు, గింజలు లాగేసుకుంటారు.

ధ్రువపత్రం కావాలంటే విశాఖలోనే కేంద్ర ప్రభుత్వ మొక్కల క్వారంటైన్ కేంద్రం ఉంది. పది గింజల కోసం అంత తిరగాలా అన్నది మీ ఇష్టం. అటునుంచి ఇటు తేవడానికీ నియమాలున్నాయి, 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, అక్కడి ధ్రువపత్రం రెండూ కావాలి. స్నేహితుల్ని ‘అక్కడి లావెండర్ గింజలు తెండి’ అని ఇబ్బంది పెట్టకండి.

ఇదంతా భయపెట్టడానికి కాదు. ఒక్క గింజతో పురుగో, తెగులో అవతలి దేశానికి పోతే మళ్ళీ వెనక్కి రాదు.

#20 విత్తుమూట
గింజ పంపక్కర్లేకుండా ఒక దారి: ఇక్కడా అక్కడా దొరికే మొక్కే ఎంచుకుని, ఎవరి ఊళ్ళో వాళ్ళు కొని పెంచడం. బంతి, జినియా, బిళ్ళగన్నేరు ఈ నాలుగు చోట్లా దొరుకుతాయి. న్యూజెర్సీలో మంచు భయం పోయాక మే మధ్యలో విత్తాలి. డాలస్‌లో అంతకంటే నెల ముందే. మెల్‌బోర్న్‌లో రుతువులు తిరగేసి, అక్టోబరు, నవంబరులో. సింగపూర్‌లో ఏడాది పొడవునా. మనకి జినియా ఫిబ్రవరిలోనూ, వానలు వెనకబడ్డాక అక్టోబరులోనూ బాగుంటుంది. న్యూజెర్సీ, మెల్‌బోర్న్ రెండు చోట్లా ఒకేరోజు ఆరుబయట పూయించాలని మాత్రం పిల్లలకి మాటివ్వకండి.

మల్లె, జాజి అక్కడ పెట్టాలనుకునే వాళ్ళకి: రాత్రి చలి 10 డిగ్రీలకి దిగకముందే కుండీ ఇంట్లోకి.

#21 ఉప్పుగాలి
ఒక హెచ్చరిక మర్చిపోయాం. సెలవులకి పిల్లలు వచ్చి వాళ్ళ మొక్క చూస్తారు, పూలు తెంపుతారు, చిన్నవాళ్ళు నోట్లో పెట్టుకుంటారు. గన్నేరు ఉప్పుగాలికి మహా గట్టిది, అయినా పైన నా జాబితాలో కావాలనే రాయలేదు. ఆకు, పువ్వు, కొమ్మ అంతా విషం. పచ్చగన్నేరు గింజ ఇంకా ప్రమాదం. ఉమ్మెత్త సరేసరి. ఎడారి గులాబి పాలు, బిళ్ళగన్నేరు ఆకు కూడా నోట్లోకి పోకూడదు, వాటిని చేతికందని ఎత్తులో పెట్టండి. పసివాళ్ళున్న ఇంటి పేరుకి మందారం, జాజి, శంఖపుష్పం నయం.

#22 నిఘంటువు_నీడ
దూరాన ఉన్న స్నేహితుడి పేరు పువ్వుకి పెట్టడం కొత్తేమీ కాదు, ఈ సంగతి పిల్లలకి చెప్పొచ్చు. గార్డీనియా పేరు అలాగే వచ్చింది. అలెగ్జాండర్ గార్డెన్ అమెరికాలో చార్లెస్టన్ ఊరి వైద్యుడు. లండన్‌లో ఉన్న జాన్ ఎల్లిస్ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, స్వీడన్‌లో ఉన్న, మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టే లినేయస్ చేత ఆ పేరు ఖాయం చేయించాడు. మొక్కేమో ఆసియాది! జినియా వెనక జిన్, డాలియా వెనక డాల్, దేవగన్నేరు శాస్త్రీయ నామం ప్లుమేరియా వెనక ప్లుమియే అనే వృక్షశాస్త్రజ్ఞులు ఉన్నారు.

#23 పెందుర్తి_ఎర్రమట్టి
కథ బాగుంది కానీ ఎవరూ ఉత్సాహంతో గార్డీనియా కొనేయకండి. బోరు నీళ్ళతో దాని ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందక. వాన నీళ్ళు పట్టి పోయాలి. మందు కావాలంటే లీటరు నీళ్ళకి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 3 గ్రాములు, నిమ్మఉప్పు 1 గ్రాము కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ, వారం తేడాతో రెండుసార్లు. నూరు వరహాలకీ ఇదే జబ్బు, ఇదే మందు.

#24 మందార_పుప్పొడి
పేరుకి తగ్గ పువ్వు వెతకడం ఎందుకు, లోకంలో ఇంకెక్కడా లేని పువ్వునే ఆ బిడ్డ కోసం పుట్టించొచ్చు. మందారంలో గింజ నుంచి వచ్చే ప్రతి మొక్కా కొత్త పువ్వే. ఓపిక ఉంటే చేయండి.

తల్లిగా మన పాత ముద్దమందారం వద్దు, కాయ కట్టదు. పెద్ద పువ్వుల సంకర రకం, ఒంటి రేకులది తీసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చేయాలి, ఎండలు ముదిరితే కాయ నిలవదు. పువ్వు విచ్చిన రోజే, ఉదయం ఎనిమిది, పది మధ్య. తండ్రి పువ్వు పుప్పొడి వేలికి పొడిగా అంటాలి. మంచుకి తడిసి ముద్దైనది పనికిరాదు. తండ్రి పువ్వు తుంచి తెచ్చి, తల్లి పువ్వు మధ్యలోంచి పొడుచుకొచ్చే కాడ చివర ఉండే ఐదు గుండ్రటి మొనల మీదా పుప్పొడి రాయండి. ఐదింటికీ అంటాలి. తొడిమకి దారం, చీటీ: తల్లి, తండ్రి, తేదీ.

రెండు రోజుల్లో రేకులు రాలతాయి. పది రోజులకి లోపల పచ్చటి కాయ ఉబ్బితే పని అయినట్టు. పదిట్లో ఏడెనిమిది రాలిపోవడం మామూలే, బెంగ వద్దు. నత్రజని ఎరువు ఎక్కువైనా రాలుతుంది, కుండీ ఒక్కసారి ఎండినా రాలుతుంది. కాయ ముదరడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. పసుపెక్కగానే పల్చటి గుడ్డ సంచి కట్టండి, లేకపోతే పగిలి గింజలు చెదిరిపోతాయి.

గింజ పెంకుని మొన లేని వైపు గోరుకత్తెరతో రవ్వంత గీరి, రాత్రంతా నానబెట్టి, అరంగుళం లోపలే నాటండి. వారం, రెండు వారాల్లో మొలక. మొదటి పువ్వుకి ఏడాది, ఏడాదిన్నర. పది మొక్కల్లో ఒకటో రెండో నచ్చుతాయి. ఆ మొదటి పువ్వు విచ్చిన రోజే బిడ్డ పేరు పెట్టి, వెంటనే నాలుగు కొమ్మలు గుచ్చండి. కొమ్మగుచ్చు గారు చెప్పినట్టు అక్కణ్ణుంచి అది అదే పువ్వుగా ఉంటుంది. ఇంట్లో పిలుచుకునే పేరుకి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

#25 విత్తుమూట
ఇది అన్నిటికన్నా నచ్చింది. గింజా ఉంది, కొమ్మా ఉంది, నా మాటా నిలిచింది, కొమ్మగుచ్చు గారి మాటా నిలిచింది.

#26 కొమ్మగుచ్చు
:) పిండినల్లి గురించి ఎవరూ చెప్పలేదు. మందారానికి అదే పెద్ద శత్రువు. తెల్ల దూది కనిపించిన రోజే గట్టి నీటి ధారతో కడిగి, లీటరు నీళ్ళకి వేపనూనె 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం కొట్టండి, వారానికోసారి మూడు వారాలు. చీమలు ఎక్కకుండా చూడండి, వాటిని మోసుకొచ్చేది అవే.

#27 మధురవాడ_మొగ్గ
పేరు చీటీలు? మార్కర్‌తో రాస్తే రెండు నెలల్లో ఎండకి పోతోంది.

#28 చేమంతి_చలి
ప్లాస్టిక్ పట్టీ మీద మెత్తటి పెన్సిల్‌తో రాయండి, మార్కర్ కంటే ఎన్నో రెట్లు నిలుస్తుంది. ఇంకా మేలు, కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా రేకు కోసి, కింద మెత్తటి గుడ్డ పెట్టి, ఇంకు అయిపోయిన పెన్నుతో గట్టిగా నొక్కి రాయడం. అక్షరం లోతుగా పడుతుంది, చెరగదు. అంచులు మడవండి, చేతులు కోసుకుంటాయి. కాండానికి తీగ బిగించి కట్టొద్దు, కాండం లావెక్కాక కోసుకుపోతుంది. కుండీ అంచుకి చిల్లు పెట్టి కట్టండి.

#29 ఉప్పుగాలి
అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి చెట్లని ఏం చేసిందో తెలిసిందే. హెచ్చరిక రాగానే కుండీలన్నీ దించలేం. పిట్టగోడ మీదివి కింద పెట్టి, పొడవాటి మొక్కల్ని గోడ మూలన పక్కకి పడుకోబెట్టి, ఒకదానికొకటి తాడుతో కట్టండి. జాజి తీగని కర్రల నుంచి విప్పనక్కర్లేదు, కర్రలతో సహా పడుకోబెట్టండి. మేడ మీద నీరు పోయే గొట్టాల మూతులు తీసి ఉంచండి. తుపాను దాటిన మర్నాడే ఆకుల ఉప్పు కడగాలి, ఆలస్యమైతే నాలుగు రోజులకి ఆకంతా మాడుతుంది. ప్రతి పేరు మొక్కకీ రెండోది వేరే ఇంట్లో ఉండాలన్న మాట అప్పుడు తెలుస్తుంది.

#30 నిఘంటువు_నీడ
గింజలు పంపలేకపోయినా పువ్వుని పంపే మార్గం ఉంది. పూసిన రోజే కోసి, ఫొటోకాపీ స్కానర్ గాజు మీద పరిచి, మూత వేయకుండా పైన నల్లగుడ్డ కప్పి స్కాన్ చేయండి. రేకు ఈనెలు కూడా కనిపిస్తాయి, పువ్వు అసలు కొలతతో అచ్చు వేసుకోవచ్చు. గాజు తడి తుడవడం మరవొద్దు. వకుళ పేరు బిడ్డకైతే పొగడ పువ్వు ఎండినా వాసన పోదు, వాళ్ళు వచ్చినప్పుడు చేతికివ్వండి.

#31 ఎంవీపీ_మేడమీద
ఇంత వస్తుందనుకోలేదు. నిన్న మేడ కొలిచి దూలాలు ఎటున్నాయో గుర్తు పెట్టాను. వీధి దీపం ఒక మూల పడుతోంది, అక్కడ చేమంతి పెట్టను. ప్రస్తుతానికి: తామర పేరుకి తొట్టి తామర, సుమన అర్థం ఉన్న పేరుకి జాజి, డిసెంబరు బిడ్డకి డిసెంబరాలు, సెప్టెంబరు బిడ్డకి పారిజాతం, సింగపూర్ పాపకి నవంబరులో మందారం కలిపి చూస్తాను. కవలలే మిగిలారు. ఇద్దరికీ వేర్వేరు మొక్కలా, ఒకటేనా?

#32 ఉప్పుగాలి
పారిజాతానికి ఇరవై అంగుళాల డ్రమ్ము కావాలి, అడుగున చిల్లులు ఎక్కువ. నీరు నిలిస్తే మొదట పోయేది అదే. పూత అయ్యాక జనవరిలో సగానికి కత్తిరిస్తే మేడ గాలికి విరగదు.

#33 కొమ్మగుచ్చు
కవలలకి మేరీ పామర్ బోగన్‌విల్లా. ఒకే మొక్క మీద తెలుపూ, ముదురు గులాబీ రెండు రంగులూ పూస్తాయి, ఒక్కో గుత్తిలో సగం సగం కూడా. మిసెస్ బట్ అనే రకం మీద కలకత్తాలో దానంతటదే పుట్టిన కొమ్మ అది. ఉప్పుగాలికి గట్టిది, మీ సముద్రం వైపు పిట్టగోడకి సరిగ్గా సరిపోతుంది.

కొనేటప్పుడు రెండు రంగులూ కనిపిస్తున్న మొక్కే తీసుకోండి. రెండో కుండీకి కొమ్మ గుచ్చడం కంటే గాలి అంటు నమ్మకం. రెండు రంగులూ పూసిన కొమ్మనే ఎంచి, జూలైలో అంగుళం మేర బెరడు వలిచి, పిండిన కొబ్బరిపొట్టు గుప్పెడు చుట్టి, ప్లాస్టిక్ కాగితంతో రెండు వైపులా గాలి చొరకుండా కట్టండి. రెండు నెలలకి వేళ్ళు బయటికి కనిపిస్తాయి, అప్పుడు కోయండి.

ఒక్కటి చూసుకుంటూ ఉండండి. అచ్చంగా ముదురు గులాబీ పూసే కొమ్మలకి బలమెక్కువ, వదిలేస్తే రెండు మూడేళ్ళలో తెలుపుని మింగేస్తాయి. అలాంటి కొమ్మ కనిపించగానే మొదలుకంటా తీసేయండి.

#34 ఎంవీపీ_మేడమీద
కత్తెర ఇవాళే పదును పెట్టిస్తాను.